కారుతో పాటు ఈఎంఐని కూడా నడిపి చూశాం

ఇది కొంచెం పెద్ద పోస్టు. టైం ఉన్నప్పుడు నిదానంగా చదవండి.

మన హాస్టళ్లలో చదివి ఉద్యోగంలో చేరిన ప్రతి ఒక్కరికీ ఏడాది తిరగకముందే తండా నుంచి ఒకటే ప్రశ్న వస్తది: "కారు ఎప్పుడు తీసుకుంటున్నవ్?" పాత కారు ఉన్నోళ్లకి ఇంకో రకం ప్రశ్న: "ఇంకా అదే బండా?" 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గినప్పటి నుంచి ఈ ప్రశ్న ఇంకా ఎక్కువైంది. జూనియర్లు నలుగురు నాకే ఫోన్ చేసి "అక్కా, ఇప్పుడు తీసుకోవచ్చా?" అని అడిగారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదు. దసరా తర్వాత నాలుగు ఆదివారాలు మా ఇంట్లో ఇదే పని పెట్టుకున్నాం. మేం ఏం చూశామో, ఏ లెక్క వేశామో రాస్తున్నా. మీ ఇంటి లెక్క వేరే ఉంటది. పద్ధతి పనికొస్తే తీసుకోండి.

ముందు మా సంగతి. నేను తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీలో ఒక ఫార్మా కంపెనీలో క్యూసీలో చేస్తాను. మేడ్చల్‌లో కిరాయి ఇల్లు. డ్యూటీకి కంపెనీ బస్సు ఉంది. చెల్లి బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం, నా దగ్గరే ఉంటది. బాపు, యాడి కామారెడ్డి జిల్లా గాంధారి వైపు మా తండాలో ఉంటారు. మేడ్చల్ నుంచి ఒకవైపే దాదాపు 110 కిలోమీటర్లు. బాపు ఇరవై రెండేండ్లు నాగ్‌పూర్ రోడ్డు మీద లారీ నడిపిండు. అప్పట్లో దాన్ని 7వ నంబర్ హైవే అనేవాళ్లు, ఇప్పుడు 44. అంత కాలం నడిపినా ఆయన పేరు మీద ఒక్క బండి కూడా లేదు. అన్నీ సేట్ల బండ్లే.

మా కారు 2014 స్విఫ్ట్ డిజైర్ డీజిల్. 2019లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. అది మా ఇంటి కారు అని నేనంటా గానీ, నిజానికి అది తండా కారు. కాన్పు నొప్పులొస్తే 108కి ఫోన్ చేసి, బండి వచ్చే దారికి మేమే ఎదురెళ్తాం. ఆ పది నిమిషాలు కలిసొస్తాయి. పిల్లలకి ఎంట్రన్స్ పరీక్ష సెంటర్ దూరం పడితే తెల్లవారుజామున అదే బండి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డిలో వరదొచ్చి హైవే మీద రాకపోకలు ఆగిపోయినప్పుడు బాపు దాన్ని గుట్ట మీద గుడి దగ్గర పెట్టి కాపాడిండు.

ఇంత మంచి బండిని ఎందుకు మార్చాలనుకున్నామంటే, అందులో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. మేం తీసుకున్న వేరియంట్ అట్లాంటిది. అప్పటి చట్టం కూడా అడగలేదు. అన్ని కొత్త కార్లకి ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019లో. పక్క సీటు ఎయిర్‌బ్యాగు అన్ని కార్లకి వచ్చింది 2021 ఆఖరుకి. నెలకు రెండుసార్లు హైవే మీద అమ్మానాన్నల్ని తెచ్చి తీసుకుపోతుంటే ఈ విషయం మనసులో ముల్లులా ఉంటది. ఇంకోవైపు చెల్లి చదువు అయిపోయేది 2027లో. నా జీతం మీద మొదటి హక్కు దానిదే. ఈ రెండింటి మధ్యే మా కథంతా.

టెస్ట్ డ్రైవ్ అంటే మనోళ్లు చాలామంది షోరూమ్ నుంచి బయటికొచ్చి, మొదటి యూటర్న్ దగ్గర తిప్పుకుని లోపలికి వస్తారు. మూడు కిలోమీటర్లు కూడా ఉండదు. కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా హైవే మీద షోరూమ్‌లు ఉన్నాయి కదా, ఆ రోడ్డు మీద ఏ కొత్త కారైనా మెత్తగానే పోతది. బాపు ముందే ఒక మాట చెప్పిండు: "మనం ఏ దారిల తిరుగుతమో ఆ దారిల నడపాలె. ఎంతమందిమి కూసుంటమో అంతమందిమి కూసోని నడపాలె." అందుకే ఫోన్ చేసినప్పుడే అడిగాం, గంట టైం కావాలి, దారి మేం చెప్తాం అని. ఒక చోట కుదరదన్నారు, అక్కడికి పోలేదు. మిగతావాళ్లు ఒప్పుకున్నారు, టోల్ డబ్బులు మేం పెట్టుకుంటామని చెప్పాక.

అన్ని కార్లకీ ఒకటే దారి పెట్టుకున్నాం. ముందు మేడ్చల్‌లో మా గల్లీలోకి, అంటే రెండు బైకులు అడ్డం ఉంటే కారు పట్టని గల్లీలోకి. అక్కడ రివర్స్ చేసి బయటికి రావాలి. తర్వాత ఊళ్ల మీదుగా శామీర్‌పేట వైపు, స్పీడ్ బ్రేకర్ల రోడ్డు. అక్కడ రాజీవ్ రహదారి ఎక్కి తుర్కపల్లి వైపు, మళ్లీ వెనక్కి. చివరికి శామీర్‌పేట దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి మేడ్చల్‌లో దిగాలి. ఓఆర్ఆర్ మీద లోపలి రెండు లేన్లలో 120 దాకా పోవచ్చు, బయటి రెండు లేన్లలో 80. మేం 80 లేన్లోనే ఉన్నాం. ఎందుకంటే మేం నిజంగా నడిపేది అంతే.

బండిలో నలుగురం. నేను డ్రైవింగ్, పక్కన షోరూమ్ అబ్బాయి, వెనక యాడి, బాపు. ఏసీ ఆన్, పాటలు బంద్. పాటలు పెడితే బండి చప్పుడు వినపడదు. ఆ అబ్బాయిలంతా ఫీచర్ల గురించి వెనక్కి తిరిగి బాపుకే చెప్పేవాళ్లు. డబ్బులు కట్టేది, నడిపేది నేనే అయినా సరే. బాపు మూడుసార్లూ ఒకటే జవాబు చెప్పిండు: "నాకు కాదు బాబూ, మా బిడ్డకి చెప్పు." ఆయన ఆ మాట అంటుంటే నాకు లోపల ఎంత బాగనిపించిందో రాయలేను.

మొదటి ఆదివారం కొత్త డిజైర్ పెట్రోల్. మా పాత బండికి మనవరాలు అనుకోండి. దీనికి గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2024 నవంబర్‌లో ఐదు స్టార్లు వచ్చాయి, ఆరు ఎయిర్‌బ్యాగులు. నాకు చేయి తిరిగిన బండి కాబట్టి గల్లీలో ఈజీగా తిప్పాను. యాడి మాత్రం దిగేటప్పుడు డోరు పట్టుకుని ఆగింది. సెడాన్‌లో సీటు కిందికి ఉంటది, ఆమెకి మోకాళ్ల నొప్పులు. మా పాత బండిలో కూడా అట్లనే దిగుతది, మేమే ఎన్నడూ గమనించలేదు.

రెండో ఆదివారం టాటా పంచ్ పెట్రోల్. ఎత్తు బండి. నేలకి బండి అడుగుకి మధ్య 187 మిల్లీమీటర్ల జాగా ఉంటది. కొత్త డిజైర్‌కి 163. ఆ తేడా షోరూమ్ ముందర అర్థం కాదు. మా తండా మట్టిరోడ్డు మీద, నలుగురూ బియ్యం బస్తా ఉన్నప్పుడు అర్థమైతది. యాడి ఎవరి చేయీ పట్టుకోకుండా దిగింది. బాపు నోట్‌బుక్‌లో ఆయన వైపు పేజీలో ఒక్క మాటే రాయించిండు: "మోకాళ్లు పాస్."

మూడో ఆదివారం టాటా టియాగో ఈవీ. 24 యూనిట్ల బ్యాటరీది. చప్పుడు లేకుండా పోతుంటే బాపు పది నిమిషాలు ఏం మాట్లాడలేదు. ముందుకు వంగి డ్యాష్‌బోర్డు మీద అరచేయి పెట్టి చూసిండు, ఇంజిన్ ఎక్కడైనా కొట్టుకుంటుందా అని. లారీ డ్రైవర్ల అలవాటు అది. "ఇదేం బండి బిడ్డా, ఊపిరే తీస్తలేదు" అన్నడు. మా తెలంగాణలో ఈవీలకి లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 దాకా. జీఎస్టీ కూడా 5 శాతమే. మనసు అటే లాగింది. కానీ మూడు విషయాలు అడ్డం వచ్చాయి. ఇంటి ఓనర్ ఆంటీ పార్కింగ్ దగ్గర 15 యాంప్స్ ప్లగ్గు పెట్టనియ్యనంది: "మీరు ఇంకో ఏడాది ఉంటరో ఉండరో, ఎందుకమ్మా వైర్లు." తండాలో మా ఇంటికి ఎర్తింగ్ సరిగా లేదు. ఇక దూరం. ఏ ఈవీ అయినా కంపెనీ చెప్పిన రేంజ్‌లో మూడింట రెండొంతులే నాది అని నేను లెక్క వేసుకుంటా. ఆ లెక్కన పోనురాను 220 కిలోమీటర్లు ఒక్క చార్జింగ్‌తో కావు. దారిలో ఫాస్ట్ చార్జర్ దగ్గర దాదాపు గంట ఆగొచ్చు. మామూలు రోజు ఆగుతాం. కాన్పు కేసు ఉన్న రోజు?

నాలుగో ఆదివారం ఇంకో కారు చూద్దామని చెల్లి అంది. బాపు వద్దన్నడు. "మన బండిని కూడా అదే దారిల తిప్పుదాం. కొత్త బండి లెక్కనే చూద్దాం." అదే నోట్‌బుక్, అదే గల్లీ, అదే ఓఆర్ఆర్. మిత్రులారా, మీరు ఏ కారు చూసినా చూడకపోయినా ఈ పని మాత్రం చేయండి. రోజూ నడిపే బండిని మనం చూడం. ఆ రోజు చూశాం. ముందు ఎడమ చక్రం దగ్గర టకటక. బ్రేకు పెడల్ సగం దాకా పోతే గానీ పట్టట్లేదు. టైరు మీద చివరి నాలుగు అంకెలు చూస్తే 3418. అంటే 2018లో 34వ వారంలో తయారైంది. గీతలు ఇంకా ఉన్నాయి, రబ్బరు మాత్రం గట్టిపడిపోయింది. వెనక సీట్లో బెల్టుల బకిల్స్ సీటు కిందికి పోయి ఉన్నాయి. అన్నేళ్లు ఎవరూ పెట్టుకోలేదన్నట్టు.

ఆ రాత్రి కాగితం మీద రెండు వరుసలు రాశాం. ఒకటి డబ్బు పెడితే బాగయ్యేవి: టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్, బెల్టులు. మేడ్చల్‌లో మాకు తెలిసిన మేస్త్రీ చూసి 46 వేలు అన్నడు. రెండోది ఎంత పెట్టినా రానివి: ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, గట్టి బాడీ. ఇట్ల విడదీశాక తెలిసింది, మేం కొత్త కారు కావాలనుకున్న కారణాల్లో సగం పైన మొదటి వరుసలోవే.

ఇప్పుడు డబ్బు లెక్క. జీఎస్టీ 29 నుంచి 18కి వచ్చింది (28 శాతం, దాని మీద 1 శాతం సెస్సు ఉండేది) కాబట్టి ధర 11 శాతం తగ్గిందనుకోకండి. 129 రూపాయల వస్తువు 118 అయింది. అంటే ఎనిమిదిన్నర శాతం. కొత్త కార్లు తగ్గితే మన పాత కారుకి ఇచ్చే రేటు కూడా తగ్గుతది, ఇది కూడా గుర్తుంచుకోవాలి. మా బండికి ఎక్స్‌చేంజ్‌లో ఒక చోట 1 లక్షా 70 వేలు అన్నారు. బయట అడిగితే 2 లక్షలు. రెండు చోట్లా అడగకుండా ఇవ్వొద్దు.

7 లక్షల ఎక్స్ షోరూమ్ పెట్రోల్ కారు తీసుకుంటే లైఫ్ ట్యాక్స్ 14 శాతం, 98 వేలు. కొత్త కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మూడేళ్లది ఒకేసారి కట్టాలి. అది షోరూమ్‌లోనే తీసుకోవాలని రూల్ లేదు. అన్నీ కలిపి ఎనిమిదిన్నర లక్షలు అయితది. పాత బండి అమ్మిన 2 లక్షలు, నా దగ్గరున్న లక్షన్నర పోను 5 లక్షల లోను. తొమ్మిదిన్నర శాతం వడ్డీకి అయిదేళ్లయితే నెలకు 10,500, వడ్డీయే 1 లక్షా 30 వేలు. ఏడేళ్లు పెట్టుకుంటే నెలకు 8,170కి దిగుతది, వడ్డీ మాత్రం 1 లక్షా 86 వేలకి ఎక్కుతది. "నెలకు ఎంత?" అని మాత్రమే అడిగితే ఏడేళ్లదే చవక అనిపిస్తది.

డీజిల్, పెట్రోల్ సంగతి కూడా చూడండి. మేం నెలకు తిరిగేది 700 కిలోమీటర్లు. పాత డీజిల్ లీటరుకి 18 ఇస్తది, 3,700 రూపాయలు. కొత్త పెట్రోల్ కూడా నిజంగా 18 ఇస్తే 4,200. అప్పటికి మన దగ్గర పెట్రోల్ లీటరు 107 దాటింది, డీజిల్ 95 దాటింది కాబట్టి కొత్త కారు వల్ల ఆయిల్ ఖర్చు తగ్గదు, పెరుగుతది. ఈవీ అయితే యూనిట్‌కి 7 కిలోమీటర్లు, 8 రూపాయల చొప్పున వేసుకున్నా 800 రూపాయలే. నెలకు 2,900 మిగులుతాయి. అదే రోజుకు 60 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి నెలకు 7,500 దాకా మిగులుతాయి. సొంతిల్లు, సొంత ప్లగ్గు, రోజూ తిరుగుడు ఉన్న తమ్ముడు ఎవరైనా అడిగితే నేను ఈవీయే చూడమంటా. నాకు ఆ మూడూ లేవు.

బాపు అంతా విని ఒకటే అడిగిండు: "నెలకు పదివేల అయిదొందలు మనం కట్టగలమా?" కట్టగలం అన్నాను. "నడిపి చూసినవా?" అన్నడు. ఆయన అట్ల అడగడానికి కారణముంది. మా తాత ఎద్దుల కోసం చేసిన అప్పుకి ఎకరం ఇరవై గుంటలు కుదువ పోయింది. బాపు చేను వదిలి లారీ ఎక్కింది అందుకే. అప్పు చెడ్డదని ఆయన ఎప్పుడూ అనడు. చదువు కోసం నాకు తనే తెచ్చి ఇచ్చిండు. మోసే బరువెంతో ఎత్తి చూడకుండా భుజానికి ఎక్కించుకోవద్దంటడు.

అట్ల ఈఎంఐని టెస్ట్ డ్రైవ్ చేయడం మొదలైంది. లోను లేకుండానే, జీతం పడిన మర్నాడు 10,500 వేరే ఖాతాలోకి. దాన్ని ముట్టుకోవద్దు, బ్యాంకు తీసుకుపోయినట్టే. నవంబర్‌లో కట్టాం. డిసెంబర్‌లో కట్టాం, కష్టంగా. జనవరిలో చెల్లి ఫీజు, బాపు గుండె పరీక్షలు, మా మేనత్త కొడుకు పెళ్లి ఒకేసారి వచ్చాయి. 4,000 మాత్రమే వేయగలిగాం. నిజం లోను అయ్యుంటే చెక్ బౌన్స్ చార్జీ, సిబిల్ దెబ్బ, చెల్లి ముఖం ముందు నేను లెక్కలు వేసుకోవడం. ఇక్కడ ఒక్క రూపాయి నష్టం లేకుండా తెలిసింది: చెల్లి చదువు అయ్యేదాకా మా ఇల్లు మోయగలిగే బరువు 6,500. పదివేల అయిదొందలు కాదు.

కాబట్టి ఇప్పుడు కారు మార్చట్లేదు. పాత బండికి 46 వేలు పెట్టాం. నాలుగు కొత్త టైర్లు, బ్రేకు ప్యాడ్లు, బుష్‌లు, వెనక బెల్టులు బయటికి తీసి బాగు చేయించాం. ఎయిర్‌బ్యాగులు రావు కాబట్టి ఆ లోటుకి ఇంట్లో నాలుగు నియమాలు పెట్టుకున్నాం. హైవే మీద 80 దాటొద్దు. రాత్రి తొమ్మిది తర్వాత అత్యవసరమైతేనే బయల్దేరాలి. వెనక కూర్చున్నా బెల్టు పెట్టుకోవాలి. అయిదుగురి కంటే ఎక్కువ ఎక్కొద్దు. ఈ ఆఖరిది తండాలో చెప్పడం చాలా కష్టం. ఏడుగురు, ఎనిమిది మంది ఎక్కడం మనకి అలవాటు, దించితే మనసు కష్టపెట్టుకుంటారు. రేపు ఐదు స్టార్ల కారు కొన్నా ఇదే నియమం. ఆ స్టార్లు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో కారుని గుద్దించి, బొమ్మలకి బెల్టులు పెట్టి ఇచ్చినవి. ఒళ్లో కూర్చున్న పిల్లకి అవి వర్తించవు.

నెలకు 6,500 ఆ ఖాతాలో పడుతూనే ఉంది. 2027లో చెల్లి ఉద్యోగంలో చేరాక, ఆ డబ్బు ముందు పెట్టి ఎత్తు బండి చూస్తాం. కొత్తదో, ఆరు ఎయిర్‌బ్యాగులున్న మూడు నాలుగేళ్ల పాతదో అప్పటి ధరలు చెప్తాయి. ఈవీ పన్ను మాఫీ అప్పటికి ఉంటదో లేదో చూడాలి. దానికోసం ఇప్పుడు తొందరపడి చెల్లి ఫీజు పణంగా పెట్టలేను.

తండాకి పోతే "ఇంకా అదే బండా?" అని ఇప్పటికీ అడుగుతారు. బాపు కొత్త టైర్లు చూపిస్తడు.

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఉన్నోళ్లు ఎవరైనా కారు చూడ్డానికి పోతుంటే ముందు రోజు నాకు చెప్పండి. దారి నేను రాసిస్తా. ఆదివారం అయితే బాపు కూడా వస్తడు. వెనక సీట్లో కూర్చుని చప్పుడు వినడానికి ఆయన ఎప్పుడూ రెడీ.